చువ్వలు కొయ్యని డాబా

పొద్దున కాఫీలయ్యాక మా మనవరాలు ఫోను పట్టుకుని నా పక్కన చేరి, "నాయనమ్మా, మన డాబా కట్టటం అయిపోయినట్టా, ఇంకా అవ్వనట్టా? రెండిట్లో ఒకటి నొక్కమంటున్నాడు, ఏది నొక్కను?" అనడిగింది. శ్లాబు మీద ఎండ దిగకుండా పొర వేయించుకునేవాళ్ళకి ప్రభుత్వం సాయం చేస్తదంట, దానికి ఫారం అది.   ఈ ప్రశ్న మనింట్లో ఇంతకుముందొకసారి అడిగారే తల్లీ, అప్పుడు మీ తాతయ్య బతికున్నారు, ఆ ఫోను పక్కన పెట్టి నోటుబుక్కు తెచ్చుకో, నేను చెప్తా ఉంటా, నువ్వు రాస్తా ఉండు అన్నా. అదుగో, అలా మొదలైంది ఇది. మధ్యలో నేను పక్కకి పోతే పోనియ్యవే, ఆపమాక, నా ఈడు వాళ్ళు చదివితే వాళ్ళకి అలవాటే.

నా ఈడు వాళ్ళకి నేను చెప్పక్కర్లా గానీ ఇల్లు వేడెక్కటం అనే మాట మా చిన్నప్పుడు ఎక్కడుంది? ఎండ బయటుండేది, మనం లోపలుండేవాళ్ళం, అంతే. మా పుట్టిల్లు నందిగామ అవతల పల్లెలో తాటాకిల్లు. రెండు మూడేళ్ళకోసారి మా నాన్న పాత ఆకు దింపించి కొత్త ఆకు కప్పించేవాడు, ఆ నాలుగు రోజులూ మేం పక్కింట్లో తిని, పక్కింట్లో పడుకుని, కప్పు లేని మా ఇంట్లోకి పైనుంచి కాకులు చూస్తుంటే నవ్వుకునేవాళ్ళం. చూరు ఎంత కిందికుండేదంటే పొడుగువాళ్ళు వంగి రావాల్సిందే, మా మేనమామ ఒకాయన వచ్చినప్పుడల్లా నుదురు కొట్టుకుని మా నాన్నని తిట్టేవాడు. ఆ చూరు కిందే మా అమ్మ పగలంతా కూచుని పని చేసుకునేది, చెమట పట్టటం నేను చూడలా.

పెళ్ళై జగ్గయ్యపేట వస్తే అత్తగారిది పెంకుటిల్లు. పెంకుల కింద చెక్క అటక, అటక మీద చింతపండు కుండలు, ఎండుమిరపకాయల బస్తాలు, కాలిరిగిన మంచాలు, ఎవరికీ అక్కర్లేనివన్నీ. కొత్తకోడల్ని గదా, ఒకరోజు అదంతా దులిపి ఖాళీ చేద్దామని నిచ్చెన వేశా. మా అత్తగారు కింద నుంచి కొంగు పట్టుకుని లాగింది, అటక బోసిపోతే ఇంట్లోకి ఎండ దిగుద్దమ్మాయ్, దిగిరా అని. ముసలావిడ చాదస్తం అనుకున్నా. పెంకులకీ అటకకీ మధ్య ఉన్న గాలీ ఆ చెత్తా కలిసి వేడిని ఆపేవని ఒక ఇంజినీరు కుర్రాడు చెప్పేదాకా నాకు తెలవలా, అప్పటికి ఆ పెంకులూ లేవు, అత్తగారూ లేదు.

మీ తాతయ్య తాపీ మేస్త్రీ. రాయవే, గొప్పగా రాయి, మామూలు మేస్త్రీ కాదు. మా పెళ్ళైన కొత్తల్లో ఊళ్ళో డాబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండేవి, ఆ తర్వాత చూస్తుండగానే ఒక్కొక్క పెంకుటిల్లూ కూలి శ్లాబు లేచేది, అందులో సగం ఆయన చేతి మీదుగా లేచినవే. శ్లాబు పోసే రోజంటే పెళ్ళి రోజల్లే ఉండేది. తెల్లారకముందే కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, ఇల్లుగలాయన మేస్త్రీకి కొత్త తువ్వాలు కప్పేవాడు, పోత అయ్యేదాకా మధ్యలో ఎవరూ దిగటానికి లేదు, అయ్యాక కూలీలందరికీ కోడికూర భోజనం. ఆయన సాయంత్రం ఇంటికొస్తే ఒళ్ళంతా సిమెంటు, కళ్ళు మాత్రం మిలమిలా మెరిసేవి. ఇవాళ ఒక ఇల్లు నిలబెట్టానే అనేవారు.

ఇక చువ్వల సంగతి. మన ఊరి డాబాల మీదకెక్కి చూస్తే ప్రతిదాని మీదా పిల్లర్ల దగ్గర ఇనప చువ్వలు ఆకాశంలోకి లేచి ఉంటయ్యి గదా, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవాలంటే వాటికి కలిపి కట్టుకోవటానికని వదుల్తారు. కట్టేవాళ్ళు ఎవరన్నా వద్దన్నా మీ తాతయ్య ఒప్పుకునేవారు కాదు. చువ్వ కోసేస్తే నీ ఇల్లు అక్కడికి ఆగిపోయినట్టేనయ్యా, నీ పిల్లలు ఎక్కడుంటారు అని దెబ్బలాడి మరీ వదిలించేవారు. తుప్పు పట్టకుండా వాటి కొసలకి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు బోర్లించమని చెప్పేవారు. ఎండకి ఆ సీసాలు తెల్లబడి, గాలికి టకటకలాడతా, ఇప్పటికీ ఊరంతా అదే చప్పుడు. మా ఇంటికి తొమ్మిది పిల్లర్లు, పిల్లరుకి నాలుగు చువ్వలు. ప్లాను కూడా రెండంతస్తులకి తీసుకున్నారు. పైది మీ నాన్నకి.

మా పెంకుటిల్లు ఆయనే దింపి ఆయనే శ్లాబు పోశారు. అటకతో సహా అన్నీ పోయినయ్యి. గృహప్రవేశం అయిన మొదటి వేసవిలో మా అత్తగారు మధ్యాహ్నం పూట మంచం వసారాలోకి లాక్కుని, పైకి చూసి, "ఏరా, పొయ్యి కింద పెట్టుకుంటారుగానీ నెత్తిన పెట్టుకుంటారంట్రా?" అంది. పదిమందీ నవ్వారు, ఆయన కూడా నవ్వి, పైన రెండోది వేస్తే కింద చల్లబడుద్దిలే అమ్మా అన్నారు. అది నిజమే. పైఅంతస్తే కింద ఉన్నవాళ్ళకి గొడుగు. అయితే ఆ పైఅంతస్తు ఈ ఏడు వేద్దాం, వచ్చే ఏడు వేద్దాం అనుకుంటానే జీవితం అయిపోయింది. ఊళ్ళో అందరికీ కట్టిపెట్టే మనిషికి సొంత ఇంటి మీదకి పని ఎప్పుడు రాబోతది?

మన జగ్గయ్యపేట, నందిగామ పేర్లు ఎండాకాలం టీవీలో వినపడుతూనే ఉంటయ్యి, ఇవాళ ఎక్కువ ఎండ ఫలానాచోట అని. అది విని మనవాళ్ళు కొంచెం గొప్పగా కూడా ఫీలవుతారు, పిచ్చిమొహాలు. సున్నం వెయ్యొచ్చు గదా డాబా మీద అంటారు, వేశాం, ప్రతి ఏడూ వేశాం. మన ఊరి మీదుగా పోయే లారీల దుమ్ముకి పది పదిహేను రోజుల్లో ఆ తెలుపు బూడిదరంగుకి తిరుగుద్ది, మధ్యలో ఒక గాలివాన వస్తే అదీ పోద్ది. ఓపిక ఉన్నన్నాళ్ళు సాయంత్రం బిందెలతో నీళ్ళు చల్లేవాళ్ళం, బుసబుసా ఆవిరి లేచేది. కాళ్ళూ చేతులూ ఆడుతున్నన్నాళ్ళు ఏదో ఒకటి చేసుకుంటాం, వసారాలోకి పోతాం, పక్కింటి వేపచెట్టు కిందకి పోతాం, గడిచిపోద్ది.

మూడేళ్ళ కిందట దసరా వెళ్ళాక ఆయన పనిలో ఉండగా ఎడం చెయ్యీ ఎడం కాలూ పడిపోయినయ్యి. మాట సగం పోయింది. మధ్యగదిలో మంచం వేశాం. చలికాలం ఎట్నో గడిచింది, వేసవి వచ్చేసరికి ఆ గది గది కాదు. ఫ్యాను తిరిగితే పైనున్న సెగనంతా తెచ్చి మనిషి మీద పోసేది. కూలరు పెడితే ఆ తేమకి పక్కబట్టలు తడిసి ఆయన వీపు మీద పుళ్ళు లేచినయ్యి. మీ నాన్న ఏసీ తెచ్చి బిగించాడు, మధ్యాహ్నం ఓల్టేజీ ఉండదు, అది మూలుగుద్ది, ఆగుద్ది, మళ్ళీ మూలుగుద్ది. నందిగామలో చూపించే డాక్టరుగారు చెప్పారు, ఈ మనిషికి ఒంట్లో వేడి తగ్గించుకునే శక్తి తగ్గిందమ్మా, ఇంకో వేసవి ఆ గదిలో ఇట్టాగే ఉంచితే కష్టం, ముందు పైనుంచి దిగే వేడి ఆపండి అని. ఆ మాట నా చెవుల్లో ఉండిపోయింది. వచ్చే వేసవి లోపల ఆ గది చల్లబడాలి. ఆ ఏడాదంతా నాకు అదొక్కటే పని.

మాఘమాసంలో వార్డు ఆఫీసు అమ్మాయి ఇంటింటికీ తిరుగుతా మా ఇంటికొచ్చింది. శ్లాబు మీద బెండు లాంటి మందపాటి అట్టలు పరిచి, వాటి మీద సిమెంటు మాలు వేసి, తెల్ల పెంకులు అంటిస్తారంట, కింద గదిలో తేడా చేతికి తెలిసిపోద్దంట, అర్జీ పెట్టుకుంటే ప్రభుత్వం సాయం ఉందంట. దేవుడే పంపాడనుకున్నా. ప్లాను కాగితం, ఇంటిపన్ను రసీదు, డాబా ఫొటో అన్నీ తీసుకుని మీ నాన్నతో నేనూ పోయా. అక్కడి ఇంజినీరు కుర్రాడు, మా మంచి పిల్లాడు, నన్ను కుర్చీలో కూచోబెట్టి ఫొటో చూసి నిదానంగా చెప్పాడు. అమ్మగారూ, మీ ప్లానులో పైన ఇంకో అంతస్తు ఉంది, డాబా మీద చువ్వలున్నయ్యి, అంటే కట్టటం ఇంకా అవ్వనట్టు లెక్క. మేం ఈ పొర వేయించాక రేపు మీరు దాన్ని పగలగొట్టి పైన కట్టుకుంటే పెట్టిందంతా మట్టిపాలు. అందుకని చువ్వలు కోసేసి, పైన ఇంక కట్టమని ఇంటి యజమాని రాసి సంతకం పెడితే మీ అర్జీ ముందుకు పోద్ది. అదీ మాట. ఆలోచిస్తే అందులో అన్యాయం ఏముంది, చెప్పండి?

ఇంటికొచ్చి మెల్లగా ఆయన చెవిన వేశా. ఆయన కుడిచెయ్యి ఎత్తి అడ్డంగా ఊపారు. మళ్ళీ చెప్పబోతే మొహం గోడవైపు తిప్పుకున్నారు. మూడు రోజులు అన్నం నా చేత్తో తినలా, మీ అమ్మ పెడితేనే తిన్నారు. నాలుగోరోజు ముక్కలు ముక్కలుగా చెప్పారు, పైన... వాడికి... కడితే... మీకు చల్ల... అని. కొడుకుకి గూడు, మాకు నీడ, రెండూ ఆ చువ్వల్లోనే ఉన్నయ్యి ఆయన లెక్కలో.

ఇక్కడొక సంగతి చెప్పాలి, రాసుకో, మీ నాన్న చదివినా ఫరవాలా. ఆ సాయంత్రం మీ నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. నందిగామలో వాడి సెల్‌ఫోన్ల కొట్టు మూసి బస్సు దిగి అప్పుడే వచ్చాడు, చొక్కా కూడా విప్పలా. "అమ్మా, నేను పైన కట్టను. ఇప్పుడే కాదు, ఎప్పటికీ కట్టను. ఈ ఎండల్లో ఆ పైన ఎవరుంటారు, కింద మీకు గొడుగు పట్టటానికి మేం మాడాలా? ఈ ముక్క నాన్నకి చెప్పేస్తే చువ్వలు కోయించటానికి ఒప్పుకుంటాడు, చెప్పనా?" అన్నాడు. వద్దన్నా. చెప్పమాక నాయనా, ఆ మాట విన్నాడంటే అక్కడే గుండాగుద్ది అన్నా. వాడు సరేనని కాళ్ళు కడుక్కోవటానికి పోయాడు. ఆ సరే అనిపించింది నేనే. ఇంకెవరి మీదా పెట్టను.

మరి గది చల్లబడేదెట్టా? దానికి ఆయనే దారి కనిపెట్టారు. మేస్త్రీ బుర్ర గదా, సగం పడిపోయినా పనిచేస్తానే ఉంది. ఆయనతో ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసిన జోడీ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఆయన్ని పిలిపించారు. చువ్వలు కొయ్యొద్దు, మొదలు దగ్గర పైపు తొడిగి వంచి శ్లాబు మీద పడుకోబెట్టు, మీద మాలు వేసి కప్పెయ్, ఫొటోలో కోసినట్టే ఉంటది, రేపు అవసరమైనప్పుడు మాలు కొట్టి లేపుకుందాం. ఇదంతా ఆయన కుడిచేతి వేలితో దుప్పటి మీద గీసి చూపించారు. జోడీ మేస్త్రీ నావైపు తిరిగి, "వదినా, వాళ్ళ ప్లానులు గీసేవాడికి కూడా ఇది తట్టదు, మా అన్న మంచంలో ఉండి శ్లాబు మీద పనిచేస్తన్నాడు చూడు!" అని తొడ కొట్టుకున్నాడు. మళ్ళీ లేపి నిలబెట్టే పూచీ నీదే అని ఆయన మాట తీసుకున్నారు, జోడీ మేస్త్రీ చేతిలో చెయ్యి వేశాడు. పైన ఇంక కట్టనని రాసిన కాగితం మీద ఆయన నవ్వుతా సంతకం పెట్టారు. మూతి ఒకవైపే నవ్వుద్ది గదా, ఆ సగం నవ్వు చూసి నేనూ నవ్వా. తప్పు అని తెలుసు, ప్రభుత్వాన్ని మోసం చేయటమని కూడా తెలుసు. అయినా గది చల్లబడుద్ది, ఆయన మనసూ నిలబడుద్ది అనుకున్నా. మాలు బొచ్చెలు నేను కూడా అందించా, ఈ చేతుల్తోనే.

ఆ వారం ఇల్లంతా పండగలా ఉంది. సీసాలన్నీ తీసేసేసరికి డాబా బోడిగా, కొత్తగా కనపడింది. మాలు ఆరాక ఫొటోలు పంపించాం. ఆ ఇంజినీరు కుర్రాడు చూసిపోవటానికి ఉగాదికి ముందు వచ్చాడు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని వాడి వెనకాలే డాబా ఎక్కా. వంచిన ఇనుము ఊరుకోదంట, దానికి మళ్ళీ లేవాలని ఉంటదంట, పైగా ఎండ. నాలుగైదు చోట్ల మాలు పగిలి, ఆ పగుల్లోంచి చువ్వ కొస బయటికొచ్చి ఉంది, గుడ్డులోంచి కోడిపిల్ల ముక్కు పొడుచుకొచ్చినట్టు. ఆ పిల్లాడు వంగి చూశాడు, చెయ్యి పెట్టి చూశాడు, నా మొహం మాత్రం చూడలా. మజ్జిగ తాగి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, అమ్మగారూ, కోశామని రాసిచ్చారు, నేను చూసి కూడా కోశారని రాయలేనండి అన్నాడు. వాడి ఉద్యోగం వాడిది. కోయించేస్తాం నాయనా ఇప్పుడే అన్నా. తప్పుడు కాగితం ఇచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చే ఏడే అర్జీ పెట్టుకోవాలంట. మెట్లు దిగేటప్పుడు, పెద్దాయన్ని జాగ్రత్తగా చూసుకోండి అని చెప్పి పోయాడు.

ప్రభుత్వం సాయం లేకపోతే మనమే వేయించుకోలేమా అని మీ నాన్న తిరిగాడు. ఆ పని తెలిసినవాళ్ళు విజయవాడ నుంచి రావాలి, వేసవి పనులు ఒప్పుకుని ఉన్నారు, వానలు మొదలయ్యాక వస్తామన్నారు. శ్లాబు మీద తాటాకు పందిరి వేయించాం. తాటాకు కప్పేవాళ్ళు ఊళ్ళో ఎక్కడున్నారిప్పుడు, పక్క ఊరి నుంచి ఒక ముసలాయన్ని బతిమాలి తెచ్చాడు మీ నాన్న. వారం తిరక్కుండా గాలిదుమారం వచ్చి ఆ పందిరి పక్కవీధిలో పడింది. మళ్ళీ సున్నం వేశాం. తడిబట్టలు కప్పాం. మంచం వసారాలోకి మారిస్తే వడగాలి, లోపల పెడితే సెగ. రోహిణికార్తె నడుస్తుండగా ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డతో ఆయన మెడ తుడుస్తా, గుడ్డ మళ్ళీ ముంచుదామని బిందె దగ్గరికి పోయి వచ్చేసరికి పోయారు. డాక్టరుగారు కాగితం మీద ఇంకేదో రాశారు. నాకు తెలిసింది నాకు తెలుసు.

పెద్దకర్మ అయ్యాక జోడీ మేస్త్రీ వచ్చాడు. పైపు తెచ్చుకున్నాడు, సుత్తి తెచ్చుకున్నాడు. అన్నకి మాటిచ్చా వదినా, లేపి నిలబెట్టిపోతా అన్నాడు. మీ నాన్న ఏదో అనబోతే నేను కళ్ళతో ఆపా. ఆ మనిషి పొద్దున్నుంచీ ఎండలో కూచుని మాలు కొట్టాడు, మొదటి చువ్వకి పైపు తొడిగి ఎత్తాడు, మొదలు దగ్గర పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే. ఎన్నేళ్ళ తుప్పో లోపల తినేసింది, సీసాలు కొసలకి పెట్టుకున్నాం గానీ నీళ్ళు నిలిచేది మొదలు దగ్గరని ఎవరమూ చూడలా. తొమ్మిది పిల్లర్లవీ ముప్పై ఆరు చువ్వలూ విరిగి కుప్పగా పడ్డయ్యి. ఎవరూ కొయ్యక్కర్లా. ఆ కుప్ప పక్కన జోడీ మేస్త్రీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూచుండిపోయాడు. వాటి మీద ఇంకో అంతస్తు ఎప్పటికీ లేచేది కాదు. లేవని మేడ కోసం మేం మనిషిని పోగొట్టుకున్నాం.

మా నాన్న తాటాకు కప్పించినప్పుడు ఆ రెండేళ్ళ ఎండకీ ఆ రెండేళ్ళ వానకీ, అందులో పడుకునే వాళ్ళకీ సరిపోయేట్టు కప్పించాడు, అంతకుమించి ఆలోచించలా. మేం మాత్రం రాబోయే వాళ్ళ కోసం కట్టాం, ఉన్నవాళ్ళ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాం. కొత్తగా కట్టేవాళ్ళకి ప్లాను కాగితం మీదే కప్పు వేడి సంగతి తేలుస్తారంటున్నారు, మంచిదే, కట్టుకోండి. నా ఈడు వాళ్ళకి ఇంక కట్టుకోవటానికేముంది, పడుకోవటమేగా.

ఆయన మంచం ఉన్నచోటే నేను పడుకుంటున్నా. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలిస్తే పైనుంచి సెగ తిన్నగా మొహం మీదకి దిగుద్ది. నేను ఇటు తిరుగుతా, అటు తిరుగుతా, పట్టలేక లేచి వసారాలోకి పోతా. ఆయన తిరగలేరు. రెండు వేసవులు ఆ సెగకి మొహం అప్పజెప్పి పడుకున్న మనిషి, ఒక్కసారంటే ఒక్కసారి వేడిగా ఉందే అనలా. మాట పడిపోయింది గదా, అందుకని అనలేదులే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నా. మాట లేకపోవటమేంది, మంచినీళ్ళు కావాలంటే అడిగారు, నిన్ను పేరు పెట్టి పిలిచారు, పైన కట్టాలని చెప్పారు. ఆ ఒక్క మాటే అనలా. ఆ శ్లాబు పోసింది ఆయన.